మేనమామ చూసిన గీత

నా చేతుల్లో గుక్కపట్టి ఏడ్చిన పిల్లలు కొందరు ఇప్పుడు తమ పిల్లలను ఎత్తుకుని నంద్యాల బజారులో ఎదురవుతుంటారు. "ఈయమ్మే నా చెవులు కుట్టింది" అని చంకలోని బిడ్డకు నన్ను చూపిస్తారు. ఆ బిడ్డ నన్నొకసారి చూసి, ఏదో అర్థమైనట్టు తల్లి భుజంలో ముఖం దాచుకుంటుంది. నేను నవ్వుకుని, ఇంతమంది పిల్లల చెవులు తాకే భాగ్యం ఇచ్చిన స్వామికి మనసులోనే దండం పెట్టుకుని, కూరగాయలు కొనుక్కుని ఇంటికి వస్తాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలూ, ముక్కు కుట్టించుకోవాలా వద్దా అని ఫోన్లో బొమ్మలు చూస్తూ కూర్చున్న అమ్మాయిలూ, మీ అందరికీ కలిపి ఒక్కరోజు ముచ్చట చెబుతాను. ఆళ్లగడ్డలో మా అంగడి తెరిచిన రోజు అది.

నేను బడికి పోలేదు. మా నాయన బేతంచెర్ల నుంచి విరిగిన నాపరాయి ముక్కలు తెచ్చి, వాటి మీద సుద్దతో అక్షరాలు దిద్దించాడు. తెలుగు అట్లా వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు చాలాకాలం తర్వాత మందుల పెట్టెల మీద చూసి నేర్చుకున్నాను. ఆ రెండు చదువులతోనే నంద్యాలలో ఒక ఫ్యాన్సీ అంగడిలో చేరాను. ముందు గదిలో గాజులు, రిబ్బన్లు. వెనక చిన్న గదిలో చెవులు, ముక్కులు కుట్టే పని.

మొదట్లో మా దగ్గర ఉన్నది ప్లాస్టిక్ గన్ను. టక్కుమంటే కమ్మ దిగేది. చూసేవాళ్లకు అది కొత్తగా, శుభ్రంగా కనిపించేది. అయితే ఒకరి చెవి మీద నొక్కిన గన్నునే తర్వాతి వాళ్ల చెవి మీదా నొక్కాలి. మరిగే ఆవిరిలో పెడితే కరిగిపోతుంది కాబట్టి పైపైన తుడవడం తప్ప దారి లేదు. మా సారు, అంటే అంగడి యజమాని, ఒకసారి బెంగళూరులో తెలిసినవాళ్ల అంగడి చూసి వచ్చి గన్నును మూలన పడేశాడు. దాని బదులు ఒక ఆవిరి మిషన్ కొన్నాడు. వాళ్లు దాన్ని ఆటోక్లేవ్ అంటారు. ముందు గదిలో గాజులు అమ్మే అన్న, మేమంతా గాజులన్న అని పిలిచేవాళ్లం, దానికి "పెద్ద కుక్కరు" అని పేరు పెట్టాడు. పేరు సరిగ్గా సరిపోయింది. ఒత్తిడి మీద వేడి ఆవిరి పట్టించి, లోపల పెట్టిన సామాను మీద ఏ క్రిమీ మిగలకుండా చేస్తుంది.

సూదులు మాత్రం అందులోకి పోవు. అవి కంపెనీ నుంచే సీలు వేసి వస్తాయి, ఒక్కరికి వాడి పారేస్తాం. మిషన్లోకి పోయేవి పట్టకార్లు, పెట్టబోయే కమ్మలు. వాటిని బాగా కడిగి, ఒక వైపు కాగితం, మరో వైపు అద్దంలాంటి పొర ఉండే కవరులో పెట్టి అంటిస్తాం. ఆ కవరు మీద చిన్న గులాబీ రంగు గీత ఉంటుంది. ఆవిరి పట్టినప్పుడు అది ముదురు గోధుమ రంగులోకి మారుతుంది. మారలేదంటే లోపలి సామానును నమ్మకూడదు.

ఎంత చక్కటి ఏర్పాటో చూడండి! అక్షరం ముక్క రానివాళ్లు కూడా చూసి చెప్పవచ్చు. నేను వచ్చినవాళ్లందరికీ ఆ కవరు చూపించేదాన్ని. వాళ్లు దానివైపు చూడకుండానే తల ఊపేవాళ్లు.

"నీ మీద నమ్మకం ల్యాకపోతే వస్తామా అక్కా? కానీయ్" అనేవాళ్లు.

నమ్మకం ఉంటే అడగకూడదని వాళ్ల లెక్క. అడిగితే నన్ను తక్కువ చేసినట్టవుతుందని మొహమాటం. వాళ్ల ప్రేమకు రుణపడి ఉన్నాను, కాదనను. అయినా ఒక్కరైనా ఆ కవరు చేతిలోకి తీసుకుని నిజంగా చూస్తే బాగుండునని ఏళ్ల తరబడి ఎదురుచూశాను.

తర్వాత మా సారు ఆళ్లగడ్డలో రెండో అంగడి పెట్టాడు. వెనక గది బాధ్యత నాకు, ముందు గది గాజులన్నకు అప్పజెప్పాడు. నా సంతోషం ఏమని చెప్పను! గది గోడ తీసేసి అద్దం పెట్టించమని అడిగాను. బయట కూర్చున్నవాళ్లకు మిషన్, చేతులు కడుక్కునే కుళాయి, నేను చేసే ప్రతి పనీ కనబడాలని నా ఆశ. సారు కాదనలేదు.

తొలి బోణీగా ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి ఒక పాపను తీసుకొస్తామన్నారు. ఇంకా ఏడాది నిండని పాప. మంచి ముహూర్తం, మేనమామ ఒడి, అన్నీ కుదిరాయి. టీకాలు వేయించారా, జ్వరం లాంటిదేమైనా ఉందా అని ముందే అడిగాను. కమ్మలు ముందురోజే ఇవ్వమన్నాను. పాప నాయనమ్మ వాటిని తమలపాకులో చుట్టి తెచ్చింది. చుట్టాలందరూ ముట్టుకుని దీవించిన కమ్మలు అవి.

"వీటిని ఉడకబెడ్తావంట. బంగారానికి మైలేందమ్మా?" అంది.

"బంగారానికి ఏం ల్యా అవ్వా. ముట్టుకున్న చేతులకుంటాది గదా."

"మా చేతులకేమొచ్చిందే!" అని అవ్వ తన రెండు చేతులూ నా ముఖం ముందు తిప్పి చూపించింది. ఆ చేతులకు గోరింటాకు, పసుపు, పొద్దున పిసికిన పేడ వాసన. ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు పొద్దున్నే నేను కమ్మలు కడిగి, పట్టకారుతో పాటు కవరులో పెట్టి అంటించి, మిషన్ ఆన్ చేసి, గాజులన్నను కనిపెట్టుకోమని చెప్పి ముందు గదిలోకి వెళ్లాను. జనం బాగా వచ్చారు. దీపం వెలిగించాను. పురోహితుడు గాజుల స్టాండుకు, గల్లా పెట్టెకు, కుర్చీలకు బొట్లు పెడుతూ మంత్రాలు చదువుతున్నాడు. అంత మంది కళ్ల ముందుంటే నాకు ఉత్సాహం ఆగలేదు. అద్దం వైపు వీపు తిప్పి, నంద్యాల నుంచి తెచ్చిన ఒక పాత ఖాళీ కవరు అందరి చేతికీ ఇచ్చి, "గీత ఇట్లా ముదురు గోధుమ రంగులో ఉండాలి. లేకపోతే ఎవరినీ మీ చెవి మీద చెయ్యి వేయనీయొద్దు" అని చెప్పాను. యథాప్రకారం అందరూ తల ఊపారు.

ముహూర్తం దగ్గరపడింది. మేనమామ చాప మీద పద్మాసనం వేసి కూర్చుని పాపను ఒడిలో పెట్టుకున్నాడు. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే పని అతనిది. తలంటుకుని వచ్చినా చెవుల వెనక ఇంకా తెల్లటి రాతిపొడి ఉంది. నేను అందరి ముందు చేతులు కడుక్కుని, గాజులన్న తెచ్చిపెట్టిన ట్రేలోంచి కవరు తీసి అతని చేతికిచ్చాను.

"చూడు నాయనా, గీత చూసి చెప్పు."

అతను కవరును వెలుతురుకు పట్టాడు. పక్కామె చేతిలో ఉన్న పాత కవరు కూడా తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టాడు. మళ్లీ చూశాడు.

"అక్కా, ఇది ఆ రంగులో ల్యా."

అవ్వకు కోపం వచ్చింది.

"పెండ్లిచూపుల్లో పెండ్లికూతుర్ని ఇడ్సిపెట్టి దాని అక్కను జూసొచ్చినోడివి! నీకేం రంగులు తెలుస్తాయిరా?"

జనం గొల్లుమన్నారు. అతను మాత్రం నవ్వలేదు. "అది యేరే అత్తా. ఇది నా మేనకోడలి చెవి" అన్నాడు.

నేను కవరు తీసుకుని చూశాను. గీత గులాబీ రంగులోనే ఉంది. కొంచెం కూడా మారలేదు. అప్పుడు నేను కంగారు పడాలి కదా? మా సారు ముఖం పాలిపోయింది, గాజులన్న నోరు తెరిచాడు. నాకేమో ఎగిరి గంతు వేయాలనిపించింది. ఒకరు చూశారు! ఇన్నేళ్లకు ఒక మనిషి కవరు చేతిలోకి తీసుకుని, చూసి, పదిమందిలో మారలేదని చెప్పాడు! స్వామీ, నీకు కోటి దండాలు అనుకున్నాను.

"అన్నా, మిషన్ ఎవరైనా ఆపారా?" అని గాజులన్నను అడిగాను.

"పూజ కోసరం ఆపితి గదమ్మా" అన్నాడు. "అది బుస్సు బుస్సుమంటాంటే అయ్యోరు జంకినాడు. కాలే దాని మీద బొట్టెట్ల పెడ్తాం? ఆపి, సల్లారినాక బొట్టు పెట్టి, దండేసి, హారతిస్తిమి. తలుపు తీస్తే కవరు ఎచ్చగా ఉండె. ఉడికినాయనుకుంటి."

అద్దం లోంచి మిషన్ కనిపిస్తోంది. మూడు కుంకుమ బొట్లు, బంతిపూల దండ, పైన అగరబత్తి. ఆయుధపూజ నాడు లారీకి, కుట్టు మిషన్‌కు, చివరకు త్రాసుకు కూడా దండ వేసే ఊళ్లు మావి. ఆ దండ వేసే చేతుల్లో నావీ ఉన్నాయి. అన్న భక్తిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. దేవుడి కోసం ఆపిన మిషన్ను మళ్లీ ఆన్ చేయాలని దేవుడు గుర్తు చేయడు కదా, అంతే.

సారు నన్ను పక్కకు పిలిచాడు. "స్పిరిట్‌తో తుడిచి కానియ్యమ్మా. ఒక్కసారికి ఏంగాదు. ఊరంతా చూస్తాండారు."

"ఊరంతా చూస్తాండారనే సార్ నేను చెయ్యనంటాండేది."

"తొలి బోణీ ఎనక్కి పోతే ఈ అంగడి ల్యాయకముందే పడిపోతాది."

ఆయన మాటలో అబద్ధం లేదు. మంచి మనిషి, అప్పు చేసి అద్దం పెట్టించాడు. అటు చూస్తే అవ్వ పురోహితుడి మీద పడుతోంది. "రేపట్నుంచి మూఢం. మళ్లీ మంచి దినం యెప్పుడో! వీడు బేతంచెర్లకు పోతే మళ్లీ సెలవిస్తారా?" పాప తల్లి లేచి, తన అన్న ఒడిలోంచి బిడ్డను తీసుకుంది. "దినాలు మళ్లొస్తాయి అత్తా. చెవులు చీము పడితే యేం జేద్దాం? ఇంటికి పోదాం పా" అంది.

ఆ తల్లి చెప్పులు వేసుకుంటోంది. నేను కళ్లు మూసుకుని, నా నోటికి సరైన మాట ఇవ్వమని ప్రార్థించాను. తర్వాత ఉన్నది ఉన్నట్టు అందరికీ చెప్పాను. "మిషన్ పూర్తిగా తిరగలేదు. మా తప్పే. ఈ కమ్మలు ఇప్పుడు పెట్టను. మళ్లీ తిప్పితే పెడతాను. అప్పటికి ముహూర్తం దాటిపోతుంది."

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఈ లోపల ఏమీ జెయ్యగూడదా? వట్టి చేతుల్తో కూర్చోవాల్సిందేనా?"

"చుక్కలు పెట్టొచ్చు అవ్వా. కుట్టే ముందు రెండు చెవులకూ సమంగా చుక్కలు పెట్టి మీకు చూపిస్తాం. మీరు సరేనన్నాకనే కుట్టేది. సూదికీ దానికీ సంబంధం ల్యా."

అవ్వ పురోహితుడి వైపు తిరిగింది. "అయ్యోరా, ఇల్లు కట్టేటప్పుడు మూర్తం యెప్పుడు జూస్తారు? ముగ్గు పోసేటప్పుడా, కప్పేసేటప్పుడా?"

"ముగ్గు పోసేటప్పుడే."

"మరి ఈ చుక్క ముగ్గు గాదా?"

పురోహితుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. "చెవికి శంకుస్థాపన చెయ్యమంటావా అవ్వా?"

"చెయ్యి. కప్పు ఆయమ్మ నిదానంగా ఏస్తాది."

ఆ అవ్వ పాదాలకు అక్కడే మొక్కాలనిపించింది! తల్లి చెప్పులు విడిచింది. మేనమామ మళ్లీ పద్మాసనం వేశాడు. నేను కొత్త గ్లౌజులు తొడుక్కుని, పాప చెవులు తుడిచి, ఒక్కసారికే వాడే పెన్ను విప్పి, మంత్రాల మధ్య రెండు చుక్కలు పెట్టాను. ముహూర్తం నిలిచింది. గంట మోగింది. పాప నవ్వింది కూడా, ఎందుకంటే ఎవరూ దాన్ని పొడవలేదు.

కమ్మలను, పట్టకారును కొత్త కవరులో పెట్టి మిషన్ మళ్లీ ఆన్ చేశాం. గాజులన్న దండ తీసేసి, చేతులు కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. "ఎవరూ దగ్గరికి రావద్దు. హారతీ గీరతీ ఏమున్నా అది కూత పెట్టినాకనే" అన్నాడు. పురోహితుడితో కూడా అదే మాట!

టీలు వచ్చాయి. ఇంటికి పోయినవాళ్లు లేరు సరికదా, వీధిలో పోయేవాళ్లు కూడా లోపలికి వచ్చారు. అద్దం ముందు సినిమాకు కూర్చున్నట్టు కూర్చున్నారు. అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు. నా ఉద్యోగ జీవితంలో అంత పండగ మరొకటి లేదు.

"వాడిన సూది యాడ పడేస్తావు?" అని ఒకామె. గుచ్చినా చిరగని గట్టి డబ్బా చూపించాను. వాడిన సూది నేరుగా అందులోనే పడాలి, మీ కళ్ల ముందే పడాలి.

"సూది కొత్తదని మాకెట్ల తెలుస్తాది?" అని ఇంకొకామె. సీలు మీ ముందు విప్పాలి. విప్పి ఉంచిన సూదిని ఒప్పుకోవద్దు. సీలు మీద గడువు తేదీ ఉంటుంది, చదవమనండి.

"ముక్కుపుడక పెట్టినాక దురద పెట్టి పుండైంది మా పాపకు" అని ఒక తల్లి. చౌక లోహంలో నికెల్ కలుస్తుంది, అది కొందరికి పడదు. ఏ లోహమో అడిగి తెలుసుకోండి. ఎర్రగా వాచి, చీము పట్టి, జ్వరం వస్తే అంగడికి కాదు, నేరుగా డాక్టర్ దగ్గరికి పోండి.

మాటల్లో పడి నేను కళ్లద్దాలు పైకి తోసుకున్నాను. వెంటనే వెనక నుంచి ఒక గొంతు. "అక్కా, గ్లౌజుతో కళ్లద్దాలు ముట్టుకున్నావు!"

ఎంత మంచి మాట! గ్లౌజులు తీసి పడేసి, చేతులు కడుక్కున్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఫోన్ ముట్టుకున్నా అంతే, తలుపు గొళ్లెం ముట్టుకున్నా అంతే.

మిషన్ కూత పెట్టింది. ఆరిన తర్వాత కవరు తీసి మేనమామకు ఇచ్చాను. అతను లేచి నిలబడి, అందరికీ కనపడేట్టు వెలుతురుకు ఎత్తాడు.

"మారింది!"

"మారిందంట!" అని అవ్వ వీధిలోకి కేక వేసింది. ఏదో ఎన్నికలో గెలిచినట్టు అందరూ అరిచారు.

మళ్లీ చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు తొడుక్కుని, చుక్క మసకబారిన చోట మళ్లీ పెట్టాను. సూది సీలు విప్పాను. ఒక చెవి, రెండో చెవి. పాప గుక్కపట్టింది, మామ పాప కంటే గట్టిగా ఏడ్చాడు. సూది డబ్బాలో పడిన చప్పుడు అందరూ విన్నారు. అవ్వ కొంగు ముడిలోంచి పసుపు పొట్లం తీసింది.

"వద్దవ్వా. పసుపు, నూనె ఏమీ వద్దు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో తుడవండి, కమ్మ తిప్పొద్దు, చేతులు కడుక్కోకుండా ముట్టుకోవద్దు."

"పసుపు కూడా వద్దా!" అవ్వ ఆ పసుపును తన బుగ్గలకు రాసుకుంది. "తెచ్చింది ఎనక్కి తీసుకుపోగూడదు" అంది.

ఆ అంగడి నిలిచింది, దేవుడి దయ. పాప చెవులు చక్కగా మానాయి. తర్వాత వచ్చినవాళ్లు కూర్చోకముందే "గీత జూపియ్యి" అనడం మొదలుపెట్టారు. బిడ్డ మేనమామే ముందు చూడాలనేవాళ్లు, మేనమామ లేని బిడ్డకు తాత చూసేవాడు. మీకు మాత్రం ఇంకో మాట చెప్పాలి: గీత మారడం ఒక్కటే చాలదు. మిషన్ క్రిములను నిజంగా చంపుతోందా అని ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయిస్తారు, ఆ కాగితం కూడా అడగండి. అడిగినందుకు ముఖం మాడ్చుకునే అంగడిలోంచి లేచి వచ్చేయండి. పనిలో ఉన్న అమ్మాయిలూ, అడిగినవాళ్లకు దండం పెట్టండి. వాళ్లు మీ తప్పును మీకంటే ముందు పట్టుకుంటారు.

నేనిప్పుడు పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాను. ఈమధ్య మా చెల్లెలి మనవరాలి చెవులు కుట్టించడానికి నంద్యాలలో ఒక కొత్త అంగడికి తోడు వెళ్లాను. గోడలకు రంగు లైట్లు, జుట్టుకు నీలం రంగు వేసుకున్న అమ్మాయి. నేనెవరో ఆమెకు తెలియదు. చేతులు కడుక్కుని, కవరు పట్టుకుని, అడిగింది.

"మేనమామ ఎవరండీ? ముందు ఆయన గీత చూడాల."

"మేనమామే ఎందుకమ్మా?" అన్నాను.

"ఏమో పెద్దమ్మా, మా ఆళ్లగడ్డ పక్క ఆచారం అది. ఎప్పట్నుంచో ఉండాదంట."

"అవునమ్మా, ఉండాది" అన్నాను. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. మేనమామ కవరును లైటు కిందికి ఎత్తి, కళ్లు చిట్లించి, అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. నేను ఊపిరి బిగబట్టి అతని నోటి వైపే చూస్తున్నాను.

"మారింది" అన్నాడు.